కుడి బూటు కింద పలక

మా ఆయన మనిషి మొహం చూసేది ఆఖర్న. ముందు బూట్ల మడమలు చూస్తాడు, ఏ పక్క అరిగాయో. తర్వాత మోకాళ్ళు, నడుము, భుజాలు, మెడ. ఇవన్నీ అయ్యాక ఓపిక మిగిలితే మొహం. నన్ను మొదటిసారి కలిసిన రోజు కూడా అదే వరసలో చూసి, “మీరు సంచీ ఎప్పుడూ ఎడమ భుజానికే తగిలించుకుంటారా?” అన్నాడు. అప్పుడే లేచి వెళ్ళిపోవలసింది. పంతొమ్మిదేళ్ళయింది, ఇంకా ఆయన పక్కనే కూర్చుని ఆయన చెప్పిన అంకెలు రాస్తున్నాను.

మా షాపులో సైకిళ్ళు అమ్మం, పంక్చర్లు వెయ్యం. మీ దగ్గరున్న సైకిల్‌ను మీ ఒంటికి సరిపెడతాం, అంతే. సీటు ఎంత ఎత్తులో ఉండాలి, ఎంత వెనక్కి జరగాలి, హ్యాండిల్ ఎంత దూరం, బూటు పెడల్ మీద ఏ వాలులో కూర్చోవాలి. ఇదీ ఒక పనేనా అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. కానీ మూడు గంటలు ఆపకుండా తొక్కేవాడి కాలు పదిహేను వేలసార్లు తిరుగుతుంది. సీటు అర వేలెడు ఎత్తు ఎక్కువైతే పదిహేను వేలసార్లు ఆ మోకాలు సాగుతుంది. అది ఒక్కరోజు లెక్క. మా ఆయన మిల్లీమీటర్లలో మాట్లాడేది అందుకే. ఆయన్ను అందరూ పిలిచేది కూడా మిల్లీమీటర్ అనే.

షాపు పొడుగాటి గది. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఉన్న ఒక్క స్టూలునూ ఆయన ఆ చివర గోడ పక్కన వేశాడు. తలుపు దగ్గర్నుంచి అక్కడిదాకా పద్నాలుగు అడుగులు. సగం పని ఆ పద్నాలుగు అడుగుల్లోనే అయిపోతుంది. చూస్తున్నారని తెలిస్తే నడక మారిపోతుంది కాబట్టి ఆయన తల వంచుకుని ఏదో స్క్రూ బిగిస్తున్నట్టు నటిస్తాడు. గది మధ్యలో స్టాండు ఉంటుంది. సైకిల్ వెనక చక్రాన్ని దానికి బిగిస్తే ఎంత తొక్కినా బండి ఉన్నచోటే ఉంటుంది. ఎక్కించాక కళ్ళు మూసుకుని తొక్కమంటాడు. కళ్ళు తెరిచి ఉంటే ప్రతివాడూ ఫొటోకి కూర్చున్నట్టు కూర్చుంటాడు. గదికి వెనక ఉన్న రెండు గదులే మా ఇల్లు.

ఆయన నోరు మాత్రం పరమ చెడ్డది. బిగుతు బట్టలేసుకుని వచ్చిన ఒక బ్యాంకు మేనేజరు, పందెగాళ్ళలా హ్యాండిల్ బాగా కిందికి దించమన్నాడు. “దించుతాను సార్. పొట్ట ఇంట్లో పెట్టి రండి” అన్నాడు మా ఆయన. ఆ పెద్దమనిషి మళ్ళీ మా వీధి మొహం చూడలేదు. మెడ నొప్పితో ఏడుస్తూ వచ్చిన ఒక స్కూలు టీచరమ్మకు రెండు షాపులవాళ్ళు హ్యాండిల్ ఎత్తి ఎత్తి ఆకాశానికి చేర్చి ఉన్నారు. మా ఆయన హ్యాండిల్ జోలికే పోలేదు. కిందికి వంగిన సీటు ముక్కును రెండు గీతలు పైకి లేపాడు. “మీరు ముందుకి జారుతున్నారు. జారే ఒంటిని చేతులు ఆపుతున్నాయి. చేతుల బాధ మెడ మోస్తోంది. పాపం మెడని తిట్టి ఏం లాభం?” అన్నాడు. పది రోజులకి ఆవిడ నవ్వుతూ వచ్చింది. “ఇప్పుడు మెడ బావుంది కదా, ఇక తొక్కడం నేర్చుకోండి” అని ఆ నవ్వు కూడా తీసేశాడు.

మిల్లీమీటర్ నోరు చెడ్డది, చెయ్యి మంచిది. అందరూ అనే మాట అది, ఆయన్ను అసహ్యించుకునేవాళ్ళు కూడా. ఆ చేతి మీద ఉన్న నమ్మకం ఎంత పెద్దదో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఆయనకు కొన్ని కట్టుబాట్లున్నాయి. రోజుకు ఒకటే మార్పు. రెండు మార్చితే ఏది మేలు చేసిందో ఏది చెరిచిందో తెలియదంటాడు. మార్చాక అందరికీ చెప్పే మాట ఒకటే: “కొత్తలో తేడాగానే ఉంటుంది. ఒళ్ళు అలవాటు పడాలి. ఓర్చుకుని తొక్కండి.” అంకెలన్నీ ఆయన పైకి చెబుతాడు, నేను పుస్తకంలో రాస్తాను. మనిషికొక పేజీ. పేజీ అడుగున ఆఖరి గడి ‘నొప్పి ఎక్కడ’. ఆ గడిలో ‘లేదు’ అని రాసేదాకా పేజీ ముగిసినట్టు కాదు.

ఇక కాళ్ళ సంగతి. రెండు కాళ్ళూ అచ్చం సమానంగా ఉన్నవాళ్ళు తక్కువ. కానీ చాలామందికి కాలు పొట్టి కాదు, నడుమే ఒరిగి ఉంటుంది. తెలియనివాడు అక్కడే బోల్తా పడతాడు. మా ఆయన మనిషిని బల్ల మీద పడుకోబెట్టి చూస్తాడు, లేపి నిలబెట్టి చూస్తాడు. తేడా ఎముకలోనే ఉందని రూఢి అయితే పొట్టి కాలి కింద రెండేసి మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలకలు ఒక్కొక్కటే పెడుతూ పోతాడు. నడుము ఎముకలు రెండూ ఒక మట్టానికి వచ్చినప్పుడు ఆపుతాడు. ఆ తర్వాత ఆ కాలి బూటు అడుగున, పెడల్‌కు బిగుసుకునే లాకుకూ బూటుకూ మధ్య పలక పెట్టి స్క్రూలు బిగిస్తాడు. తేడా ఆరు మిల్లీమీటర్లైతే పలక నాలుగు మిల్లీమీటర్లదే వేస్తాడు. ఇన్నేళ్ళు ఒంకరకు అలవాటు పడ్డ ఒంటిని ఒక్కసారిగా నిటారు చెయ్యకూడదట. బిగించాక ఆ పలక బయటికి కనబడదు.

ఆయనకు ఒక్కతే చెల్లెలు, పదకొండేళ్ళు చిన్నది. మా ఇంట్లో బుజ్జి అంటాం. పుస్తకంలో మొదటి పేజీ ఆమెదే. సీటు వెనక పట్టుకుని పరిగెత్తి తొక్కడం నేర్పింది ఆయనే. పెళ్ళయ్యాక ఆమె సైకిల్ ఎక్కలేదు. “ఇంట్లో ఒకళ్ళు తొక్కితే చాలదా?” అన్నాడట మొగుడు. నీటి సరఫరా ఆఫీసులో ఇంజనీరు. రోజూ పొద్దున్నే ఆరింటికి బయల్దేరి తొమ్మిదిదాకా తొక్కి వచ్చి, స్నానం చేసి ఆఫీసుకు పోతాడు. మాట తేనె. వరసకు నాకు అన్నయ్య. ఆ వరస తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

కొడతాడని మాకు వాళ్ళ పెళ్ళయిన మూడో ఏడు తెలిసింది. మేమూ, అతని తరఫు పెద్దవాళ్ళూ కూర్చుని మాట్లాడాం. అందరి ముందూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అప్పట్నుంచి కనబడని చోట కొట్టడం నేర్చుకున్నాడు.

మా ఆయన కంటికి కనబడని చోటు ఏముంటుంది! ఒక మధ్యాహ్నం బుజ్జి వచ్చింది. తలుపు నుంచి స్టూలు దాకా నడిచి కూర్చుంది. నేను మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు నోటి దగ్గరికి ఎత్తే బదులు నోరే గ్లాసు దగ్గరికి వంచింది. మా ఆయన చేతిలో స్క్రూలు తిప్పే ఎలన్ కీ ఆగిపోయింది.

“కుడి పక్కటెముకలు. రెండా, మూడా?”

“మెట్ల మీద జారాను అన్నయ్యా.”

“జారితే చెయ్యి ముందుకి పోతుంది. అరచెయ్యి గీరుకుంటుంది. ఏదీ చెయ్యి చూపించు.”

“అన్నయ్యా, నాకు కొలతలు తియ్యకు” అంది బుజ్జి. గొంతు పెంచకుండానే అంది.

మా ఇంటికి వచ్చెయ్యమని నేను చెప్పడం అది ఎన్నోసారో. ఆమె తల అడ్డంగా ఊపింది. “ఇక్కడికి వస్తే రోజూ షాపు ముందు నిలబడతాడు వదినా. ఒక మగాడి గదిలోంచి లేచి ఇంకో మగాడి గదిలో కూర్చోవడం నాకు వద్దు. వస్తే నా కాళ్ళ మీద నేను వస్తా. నా గురించి బెంగపడకండి. ఆయన సైకిల్ మీద ఉన్నంతసేపూ నాకేం భయం లేదు.”

ఆ మాట మేమిద్దరం విన్నాం. దానికి ఒక అర్థం ఉంటుందని ఇద్దరికీ తట్టలేదు. మా ఆయన చెవిలో ఆ పక్కటెముకలే మోగుతున్నాయి.

మూడు వారాల తర్వాత బుజ్జి మొగుడు, మా ఆయనకు బావగారు, స్వయంగా వచ్చాడు. కొత్త సైకిల్, కొత్త బూట్లు. సెలవురోజుల్లో దూరాలు తొక్కే గుంపులో చేరాడట, వంద కిలోమీటర్లు దాటితే నడుము కొంచెం లాగుతోందట.

“నీ చెయ్యి పడాలి బావా. మిగతావాళ్ళ మీద నాకు నమ్మకం లేదు” అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, “ఏం చెల్లెమ్మా, మీ ఆడపడుచుకి కాస్త బుద్ధి చెప్పు. రోడ్డు మీద ఇంత స్పీడులో పోయే నేను బాగానే ఉన్నాను, ఇంట్లో మెట్ల మీద ఆవిడ జారిపడుతుంది” అని నవ్వాడు.

బ్యాంకు మేనేజరును వదలనివాడు, టీచరమ్మను వదలనివాడు నోరు కట్టేసుకుని బావను బల్ల మీద పడుకోబెట్టాడు. అంత మర్యాదగా ఆయన ఎవరికీ కొలతలు తియ్యడం నేను చూడలేదు. పలకలు పెట్టాడు, నడుము మట్టం చూశాడు.

“రాయి. ఎడమ కాలు పొట్టి, ఆరు.”

రాశాను. ఇక ఎడమ బూటుకు నాలుగు పలక రావాలి. ఆయన లోపలికి వెళ్ళి పలక కత్తిరించి తెచ్చి, ఒక బూటు బోర్లా తిప్పి బిగించాడు. ఒకటే మార్పు, ఎప్పటిలాగే. సీటు కూడా ముట్టుకోలేదు.

“రాయి. పలక, కుడి, ఆరు.”

నా పెన్ను ఆగింది. తలెత్తి చూశాను. ఆయన నావైపు చూడలేదు. పొడుగు కాలి కింద ఇంకో ఆరు. అంటే రోజూ పదిహేను వేలసార్లు ఆ నడుము ఎడమకు ఒరిగి లేస్తుంది. ఎడమ మోకాలి వెనక నరం సాగుతుంది, వెన్నుపూసలు ఒక పక్కకు నలుగుతాయి. ఆరు నెలలో, ఏడు నెలలో పడుతుంది, అంతే. ఏ డాక్టరూ బూటు విప్పి చూడడు.

నాకు అంతా తెలుసు. తెలిసే ‘కుడి, ఆరు’ అని రాశాను. నిజం చెప్పాలంటే ఆ రోజంతా నాకు ఏదో పండగలా అనిపించింది.

“కుడి పక్క ఏదో ఎత్తుగా ఉంది బావా” అన్నాడు బావగారు స్టాండు మీద తొక్కుతూ.

“కొత్తలో తేడాగానే ఉంటుంది. ఒళ్ళు అలవాటు పడాలి. ఓర్చుకుని తొక్కు” అన్నాడు మా ఆయన.

ఓర్చుకుని తొక్కాడు. మొండితనంలో అతనికి సాటి లేదు. రెండో నెల మోకాలి వెనక పట్టేస్తోందని ఫోన్ చేశాడు, మా ఆయన ఇంకాస్త తొక్కమన్నాడు. నాలుగో నెల ఎడమ పాదం తిమ్మిరెక్కుతోందన్నాడు. “మంచిదే, దారిలో పడుతోంది” అన్నాడు మా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు. ఏడో నెలలో ఒక పొద్దున సైకిల్ దిగబోయి రోడ్డు మీదే కూలబడ్డాడు. వెన్నులో డిస్కు జారింది. మంచం దిగడానికి లేదన్నారు. ఆ వార్త విని మేమిద్దరం చాలారోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాం.

చూడడానికి వెళ్తే బుజ్జి తలుపు తీసింది. చిక్కి సగమైంది. పగలంతా పిలుపులేనట: దిండు సర్దు, నీళ్ళు తే, ఫ్యాను తగ్గించు, ఎక్కడ చచ్చావు. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు కదా. పడుకున్నవాడికి చెయ్యి ఆడదనుకున్నాం. చేతికందే దూరంలో చేతికర్ర ఉంది. దాని సంగతి నేను ఆమె మోచేతులు చూసి తెలుసుకున్నాను.

నెలన్నర తర్వాత బుజ్జి షాపుకు వచ్చింది. చేతిలో పెద్ద కవరు, సంచిలో ఒక బూటు. స్కానింగ్ సెంటర్ నుంచి ఎక్స్‌రే తెమ్మని పంపాడట, అరగంట టైమిచ్చాడట. స్టూలు దాకా రాలేదు, తలుపు దగ్గరే నిలబడింది.

“అన్నయ్యా, ఆయనకి ఏ కాలు పొట్టి?”

మా ఆయన పని ఆపాడు. “ఎందుకిప్పుడు?”

“అడిగినదానికి చెప్పు.”

“ఎడమది.”

“ఎంత?”

“ఆరు.”

ఆమె ఎక్స్‌రే తీసి కిటికీ వెలుగుకు పట్టుకుంది. నిలబెట్టి తీసిన ఫిల్ము. వేలితో నడుము ఎముకల మీద గీత గీసినట్టు చూపించింది. “నాకూ ఆరే వచ్చింది. ఎడమే వచ్చింది.” సంచిలోంచి బూటు తీసి స్టాండు మీద పెట్టింది. అడుగున స్క్రూలు ఊడదీసి ఉన్నాయి, పలక బయటపడి ఉంది. కుడి బూటు.

నేను పుస్తకం మీద చెయ్యి పెట్టాను. ఆమె నా చెయ్యి పక్కకు తీసి, పేజీలు తిప్పి, ఆ పేజీ చదివింది. “నీ చేతిరాతే వదినా” అంది.

నాకు తల తీసేసినట్టయింది.

“ఇంకెవరైనా వేసుంటే పొరపాటు అనుకునేదాన్ని” అంది అన్నతో. “నీకు పొరపాటు జరగదు.”

“జరగదు” అన్నాడు మా ఆయన. “నిన్ను కొట్టినవాడు మంచాన పడాలని వేశాను. పడ్డాడు. నాకేం బాధ లేదు.”

“పడ్డాడు. ఆ మంచం ఎవరింట్లో ఉంది అన్నయ్యా?”

బుజ్జి చెప్పుకుపోయింది, ఏడవకుండా, టైము చూసుకుంటూ.

“పొద్దున ఆయన గేటు దాటిన పది నిమిషాలకి నేనూ దాటేదాన్ని. ఇరవై నిమిషాల నడక. ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సు, ఉన్నది పొద్దుటి బ్యాచ్ ఒక్కటే. ఆయనొచ్చేసరికి ఇంట్లో ఉండేదాన్ని, స్టవ్ మీద టీ మరుగుతూ ఉండేది. పదకొండు నెలల కోర్సు. ఏడు నెలలు చేశాను. ఇంకో నాలుగు చేస్తే సర్టిఫికెట్. రెండు ఊళ్ళ అవతల ఒక ఆస్పత్రిలో రమ్మన్నారు కూడా, ఉండడానికి గది ఇస్తారు. ఎవరి గదిలోకీ వెళ్ళక్కర్లేదు. ఆ పొద్దుటి మూడు గంటలే నాకున్నవి. అవే నువ్వు తీసేశావు.”

“నాకెందుకు చెప్పలేదు?” మా ఆయన గొంతు నాకే కొత్తగా వినబడింది.

“చెబితే నీ నోరు ఆగుతుందా? ఏ రోజో ఆయన మొహం మీదే అనేస్తావు, మా చెల్లెలు నిన్ను తన్ని పోతుంది చూడు అని. ఒక్క మాట కడుపులో దాచుకోగలవా నువ్వు?”

కుడి, ఆరు అన్నది ఎనిమిది నెలలు దాచుకున్న మనిషి ఆ బూటును తన వైపు లాక్కున్నాడు.

బుజ్జి ఎక్స్‌రేను కవర్లో పెట్టుకుంది. “కోర్సువాళ్ళని బతిమాలాను. వచ్చే నెల కాక పై నెల ఒకటో తారీఖు దాకా నా పేరు ఉంచుతామన్నారు. ఆ లోపల ఆయన్ని సైకిల్ ఎక్కించు. నాకు ఆయన బాగుపడక్కర్లేదు. రోజుకి రెండున్నర గంటలు ఇంట్లో లేకపోతే చాలు. నువ్వు చెడగొట్టావు, నువ్వే చెయ్యి.”

మర్నాటి నుంచి మా ఆయన షాపు మూసి బావగారింటికి వెళ్ళడం మొదలుపెట్టాడు. వెంట నేనూ, పుస్తకమూ. మొదటి రోజు బావగారు మంచం మీద నుంచి చెయ్యి చాచి మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు. “డాక్టర్లందరూ సైకిల్ మర్చిపోమన్నారు బావా. నువ్వొక్కడివే వచ్చావు. సొంత తమ్ముడు కూడా ఇట్లా రాలేదు” అన్నాడు. మా ఆయన ఆ చెయ్యి విదిలించుకోలేక, పట్టుకోలేక అలాగే నిలబడ్డాడు.

దెబ్బతిన్న నడుమును రోడ్డు మీదికి పంపడానికి లేదు. ఒక్క గుంత చాలు, మొదటికొస్తుంది. అందుకని షాపులో ఉన్న స్టాండును మోసుకొచ్చి వాళ్ళ హాల్లో పెట్టాడు. మొదట కదలని బండి మీద ఒంటిని కుదర్చాలి, కుదిరాక రోడ్డు. ఈ పని తెలిసినవాడెవడైనా అదే చేస్తాడు. బుజ్జి ఒక పక్కన నిలబడి ఆ స్టాండు వైపు చూసింది. “ఇది ఎన్నాళ్ళు?” అంది. “కుదిరేదాకానే” అన్నాడు.

ఆయన పని పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. అలాంటి పని నేనెప్పుడూ చూడలేదు. కుడి బూటు పలక తీసేశాడు, ఎడమకు రెండు వేశాడు, పది రోజులకు నాలుగు చేశాడు. హ్యాండిల్‌ను అరంగుళం అరంగుళం ఎత్తుతూ నడుము మీద బరువు తగ్గించాడు. పెడల్ తిరిగే గుండ్రం చిన్నదయ్యేలా పెడళ్ళను మోసే క్రాంకులు పొట్టివి వేయించాడు. మధ్యలో గాడి ఉన్న సీటు తెప్పించాడు, నచ్చక ఇంకోటి, అదీ నచ్చక మూడోది. ఒకటే మార్పు, రెండు రోజుల విరామం, మళ్ళీ ఒకటి. పెడల్ తొక్కే శబ్దంలో తేడా వినడానికి నేల మీద చెవి పెట్టి పడుకునేవాడు. తన చెల్లెల్ని కొట్టిన మనిషి కాలి మడమను అరచేతిలో పెట్టుకుని, “ఇక్కడ నొప్పా? ఇక్కడా?” అని పసిపిల్లాడిని అడిగినట్టు అడిగేవాడు.

నేను రాశాను. నాలుగు నిమిషాలు, ఎడమ తొడ వెనక. పదకొండు నిమిషాలు, నడుము. ఇరవై అయిదు. నలభై. ప్రతి అంకెకీ బుజ్జి వంటగది గుమ్మంలోకి వచ్చి నా మొహం చూసేది, నేను వేళ్ళు ఎత్తి చూపించేదాన్ని. గంట దాటిన రోజు ఆమె నవ్వింది. పెళ్ళయ్యాక ఆమె పళ్ళు నేను చూసింది అప్పుడే.

ఒకటో తారీఖు ఇంకా వారం ఉందనగా బావగారు కళ్ళు మూసుకుని రెండున్నర గంటలు తొక్కాడు. చెమటలు కారుతున్నాయి, నడుము రాయిలా కదలకుండా ఉంది, మోకాళ్ళు రెండూ దారం పట్టినట్టు ఒకే గీతలో లేస్తున్నాయి. దిగి, వంగి, బూట్లు తనే విప్పుకున్నాడు.

“బండి విప్పేస్తాను బావా” అన్నాడు మా ఆయన. “రేపట్నుంచి రోడ్డు మీదికే.”

“రోడ్డా?” బావగారు తువ్వాలు కోసం చెయ్యి చాచాడు. బుజ్జి ఇచ్చింది. “ఇంకా ఎవడు పోతాడు బావా రోడ్డు మీదికి! ఎండ, దుమ్ము, లారీలు, మళ్ళీ ఏ గుంతలోనో పడి నడుము విరగ్గొట్టుకోవడం. ఇక్కడైతే రాజాలా ఉంది. ఫ్యాను ఉంది. నీళ్ళ సీసా అందించడానికి మీ చెల్లెలుంది.”

“హాల్లో తొక్కితే అది తొక్కినట్టు కాదు. నీ గుంపువాళ్ళు ఎదురుచూస్తుంటారు.” మా ఆయన మాటలు తడబడ్డాయి. “గాలి ఉండదు. ఒంటికి గాలి కావాలి. పైగా స్టాండు నాది, షాపుకి కావాలి.”

“తీసుకుపో. నేను మొన్ననే కొత్తది ఆర్డరు పెట్టాను, రేపు వస్తుంది.” బావగారు మొహం తుడుచుకుని తువ్వాలు బుజ్జి భుజం మీద వేసి, చెయ్యి కూడా అక్కడే ఉంచాడు. “ఇన్నేళ్ళూ పొద్దున్నే బయట పడి తిరిగాను కానీ, మంచాన పడ్డాకే తెలిసింది, ఇంట్లో ఆ టైములో ఏం జరుగుతుందో నాకు తెలియనే తెలియదని. ఇప్పుడు కళ్ళ ముందే ఉంటుంది. ఏమే?”

ఆ చెయ్యి బరువుకు బుజ్జి భుజం ఎంత కిందికి దిగిందో మా ఆయన చూశాడు. ఆయనకు కనబడకుండా ఉంటుందా? మా ఆయన చెయ్యి జేబులోని ఎలన్ కీ మీదికి పోవడం నేను చూశాను. ఒక్క తిప్పు చాలు. కానీ తిప్పితే బావగారు మంచం మీద ఉంటాడు, తిప్పకపోతే హాల్లో ఉంటాడు. జేబులోంచి చెయ్యి ఖాళీగానే బయటికి వచ్చింది.

బుజ్జి అన్న వైపు చూడలేదు. సైకిల్ వైపు చూసింది. అంత అందంగా కుదిరిన బండిని ఆ ఇంటి మనుషుల్లో గుర్తుపట్టగలిగింది ఆమె ఒక్కతే.

వారం తర్వాత, ఒకటో తారీఖున, కొత్త స్టాండు సరిగా బిగిసిందో లేదో చూసిపొమ్మని బావగారు పిలిచాడు. వెళ్ళాం. పొద్దున ఏడయింది. బావగారు తొక్కుతూనే మమ్మల్ని పలకరించాడు. మా ఆయన వంగి స్టాండు స్క్రూలు ఒక్కొక్కటీ చూశాడు, సీటు ఎత్తు కొలిచాడు, పలక చూశాడు. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

“రాయి” అన్నాడు.

పుస్తకం తెరిచాను. పేజీ అడుగున ఆఖరి గడి, ‘నొప్పి ఎక్కడ’, ఒక్కటే మిగిలింది. “ఏం రాయమంటారు?” అన్నాను, ఆయన నోటితోనే వినాలని.

ఆయన ఎలన్ కీ జేబులో పెట్టుకున్నాడు. తొక్కుతున్నవాడే చెప్పాడు.

“ఎక్కడా లేదు చెల్లెమ్మా, రాసుకో. మీ ఆయనది మామూలు చెయ్యి కాదు.”

‘లేదు’ అని రాశాను. చక్రం తిరుగుతూనే ఉంది. బుజ్జి తువ్వాలు పట్టుకుని సైకిల్ పక్కన నిలబడి ఉంది, ఎడమ కాలు నేలకు ఆనించకుండా, కుడి కాలి మీదే బరువు వేసి.